పక్క ఫ్రేము

నలభై దాటితే మనిషికి చత్వారం వస్తుంది. యాభై నిండితే సంఘానికి తన చరిత్ర రాసుకోవాలన్న కోరిక పుడుతుంది. రెండు జబ్బుల్లోనూ దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి, ముక్కు కిందవే అలుక్కుపోతాయి. ఆ ఊరి ఫొటోగ్రాఫర్ల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి కనక చరిత్ర పుస్తకం వేయాలనీ, హాలు గోడల నిండా పాత ఫొటోలు పెట్టాలనీ తీర్మానించారు. తీర్మానాలు చేయడంలో ఆ సంఘాన్ని మించినది లేదు.

సంఘం అధ్యక్షుణ్ణి ఊరంతా నవ్వండి మాస్టారు అంటుంది. చంకలో పిల్లల దగ్గర్నుంచి కాటికి కాళ్లు చాచుకున్న ముసలాళ్ల దాకా, కెమెరా ముందు కూర్చున్న ప్రతివాళ్లనూ నవ్వండి, నవ్వండి అని సతాయించిన మనిషి. ఆయన మాత్రం నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆయన ఒక ఉదయం రేకు పెట్టె ఒకటి మోయించుకుని చిట్టి వాళ్ల స్టూడియోకి వచ్చాడు. వచ్చాడంటే గుమ్మం దాకానే. ఆ గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టడం ఆయన మానేసి చాలా ఏళ్లయింది.

చిట్టికి ముప్పై దాటినా పేరు చిట్టిగానే మిగిలిపోయింది. సంఘంలో ఆమెకి సభ్యత్వం లేదు. ఆమె అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. కానీ అందరూ కంప్యూటర్లకి మారిపోయాక ఊళ్లో డార్క్‌రూమ్ నడుస్తున్నది ఆ స్టూడియోలోనే, ఎర్ర దీపం కింద నెగటివులోంచి ఫొటో తీయడం వచ్చింది ఆమెకే. అవసరానికి గాడిద కాళ్లయినా పట్టుకోవాలంటారు కదా. మాస్టారు కాళ్లు పట్టుకునే రకం కాదు గనక పెట్టె దింపించి, ఏయే ఫొటోలు కావాలో చెప్పాడు. చివర్న మిల్లు గేటు ఫొటో కూడా కావాలన్నాడు.

"కింద మీ నాన్న పేరు వేస్తాం. పుస్తకంలో కూడా ఉంటుంది. చరిత్ర అన్నాక మచ్చ దాచకూడదు," అన్నాడు. వెనకాల మాట్లాడే అలవాటు ఆయనకి లేదు. ఏ మాటైనా ముఖాన కొడతాడు.

పెట్టె ఎత్తి వీధిలో పడేద్దామన్నంత కోపం వచ్చింది చిట్టికి. పడేయలేదు. నాన్న మీద పడ్డ ఆ మాట అబద్ధమని ఆమె చిన్నప్పటినుంచీ నమ్ముతూనే ఉంది. దానికి రుజువంటూ ఉంటే ఆ పెట్టెలోనే ఉండాలి. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో చరిత్ర చదివి వినిపించి ఆమోదం తీసుకుంటారు. ఆ తర్వాత అచ్చుకి పోతుంది. అచ్చయిన మాటని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. పెట్టె పట్టుకుని డార్క్‌రూములోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ మచ్చ సంగతి చెప్పాలంటే ముందు సంఘం పుట్టిన విధం చెప్పాలి. తలా ఒక డార్క్‌రూమ్ కట్టుకునే స్తోమత లేని రోజుల్లో ఫొటోగ్రాఫర్లంతా కలిసి ఒక్కటి కట్టుకున్నారు. అదే సంఘం. అందరి ఫిల్ములూ ఒకే తీగ మీద ఆరేవి. ఒకసారి ఎవరి పెళ్లికొడుకో ఇంకెవరి ఆల్బములోనో చేరి, రెండు కుటుంబాలు కొట్టుకునేదాకా వెళ్లింది. అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కెమెరా లోపల ఫిల్ము ఆనే చట్రం అంచుని ఆకురాయితో రాసి ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకోవాలి. ఒకరిది ఒక గాటు, ఒకరిది వాలుగా, ఇంకొకరిది మూలన. ఆ కెమెరాతో తీసిన ప్రతి నెగటివు అంచునా ఆ గాటు పడుతుంది. నెగటివులోంచి కాగితం మీదికి ఫొటో తీసేటప్పుడు అంచు మూసేస్తారు కాబట్టి బయటివాళ్లకి కనిపించదు. నాన్నవి పక్కపక్కన రెండు గాట్లు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. అది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. మిల్లు గేటు దగ్గర కార్మికులు గొడవకి దిగినప్పుడు ఫొటో తీస్తే సూర్యుడికి ఎదురు నిలబడి తీయాలి, లేదంటే వెనకనుంచి తీయాలి. ముఖాలు నల్లబడిపోవాలి. జనం కనబడాలి, మనిషి కనబడకూడదు. ఎందుకంటే ఆ మనుషుల పెళ్లిళ్లు తీసే వీళ్లు బతికేది, వాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టే నవ్వండి నవ్వండి అనేది. ఆ ముఖాలు మిల్లువాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

చిట్టి చంటిపిల్లగా ఉన్న ఏడు ఆ జోస్యం నిజమైంది. మిల్లు మేనేజరు ఆఫీసు బాల్కనీలోకి వచ్చి మాట్లాడుతుంటే కింద కార్మికులంతా తలెత్తి వింటున్న ఫొటో పత్రికలో పడింది. ఆ ఆఫీసు పక్క డాబా మీది కుట్టుపని కొట్టు కిటికీలోంచి తీసింది. మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి ముఖాలు. మిల్లువాళ్లు పత్రిక ముందేసుకుని సిరాతో సున్నాలు చుట్టారు. సున్నా పడ్డ ప్రతివాడి ఉద్యోగమూ పోయింది. అందులో చిట్టి మేనమామ ఒకడు. సంఘం పత్రిక దగ్గర్నుంచి నెగటివు తెప్పించి చూస్తే అంచున రెండు గాట్లు. నాన్నని నిలబెట్టి అడిగితే ఆ గాట్లు నా కెమెరావేనన్నాడు. రెండో మాట మాట్లాడలేదు. ఆ కుట్టుపని కొట్టులో ఆయన భార్యే పనిచేస్తుంది కాబట్టి పైకి వెళ్లి తీశాడన్నారు. కట్టుబాటు తెలిసిన ఫొటోగ్రాఫరు పొరపాటున అలా తీయడు గనక అమ్ముకున్నాడన్నారు. వెలేశారు.

ఆ రోజునుంచీ నాన్న పేరు ముఖాలమ్మినవాడు. బడిలో పిల్లలు చిట్టి చుట్టూ చేరి, మీ నాన్న నా ముఖానికి ఎంతిస్తాడే అని అడిగేవారు. మావయ్య ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. అమ్మ ఒక్కతే అన్నగారింటికి వెళ్లి వస్తుండేది.

ఎర్ర దీపం కింద చిట్టి ఆ నెగటివు ముక్కని బయటికి తీసింది. నాలుగు ఫ్రేములున్న ముక్క. ముందు గేటు ఫొటోనే తీసింది. తలెత్తిన ముఖాలు ఒకటొకటిగా డెవలపర్ నీళ్లలో తేలాయి. మధ్యలో కుర్ర మావయ్య. ఎడం పక్క అంచున ఏదో మసక గీత, కిటికీ తలుపు అడ్డం వచ్చినట్టుంది. అంతకు మించి ఏమీ లేదు. బొమ్మ చెదరకుండా నిలబడడానికి కాగితం ఫిక్సర్లోకి మార్చి, చేతిలో పనేమీ లేక ఫిల్ముని ఒక గడి ముందుకి జరిపింది. అదీ వేసి చూసింది.

నెగటివులో మనుషుల ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటాయి. సొంత తండ్రినైనా గుర్తుపట్టలేం. సంఘంవాళ్లు అప్పట్లో గాటు చూసి, గేటు చూసి, పెట్టె మూసేశారు. కోపంలో ఉన్నవాడు పక్క ఫ్రేము చూడడు. చిట్టి కాగితాన్ని డెవలపర్లో వేసి ట్రే ఊపుతుంటే ముందు అదే మసక గీత తేలింది, అదే ఎడం అంచున. అంటే అదే కిటికీ. తర్వాత మిల్లు గేటు, చెదురుతున్న జనం. కింద వీధిలో, కిటికీకి సరిగ్గా దిగువన, చంటిపిల్లని ఎత్తుకుని పైకి చూస్తూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుర్రవాడు. నాన్న.

ఫొటోలో ఉన్నవాడు ఫొటో తీయలేడు. చిట్టికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. చీకట్లో ఒక్కతే పిచ్చిదానిలా నవ్వింది. నాన్న వీధిలో ఉన్నాడు, కెమెరా కిటికీలో ఉంది. దీన్ని పట్టుకెళ్లి మాస్టారు ముఖాన కొట్టొచ్చు. కాగితం కడుగుతూ అనుకుంది, మరి పైన కెమెరా ఎవరి చేతిలో ఉందని. అనుకోగానే నవ్వు ఆగిపోయింది. కుట్టుపని కొట్టు కిటికీ. నాన్న అంత వెర్రిగా నవ్వేది ఒక్క మనిషిని చూసే. ఆ మనిషి ఇప్పుడు గోడకి అవతల కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తోంది.

తడి ఆరని కాగితాన్ని తీసుకెళ్లి కౌంటరు మీద నాన్న ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని వంగి చూశాడు.

"ఎంతున్నావో చూడవే, పిడికెడు," అన్నాడు ముందు. తర్వాత ముఖం మారింది. పాత పత్రిక ఒకటి తీసి ఫొటో మీద కప్పేశాడు. ఈ ముక్క ఆ పెట్టెలోనే ఉందని ఆయనకి ఎప్పుడూ తెలుసు. ఏ రోజు కావాలంటే ఆ రోజు బయటపడొచ్చనీ తెలుసు.

"ఎవరికీ చూపించకు."

చిట్టి ఊరుకోలేదు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాననుకుంది గాని తగ్గలేదు. బడినుంచి ఏడుస్తూ వచ్చిన రోజులన్నీ ఎత్తింది. సాయంత్రం గోడ మీద నీ పేరు వేస్తారు, పుస్తకంలో వేస్తారు, నువ్వు పోయాక కూడా ఉంటుంది అది, నీకు పౌరుషం లేదా అంది. ఆయన అంతా విన్నాడు. ఆ రోజుల్లో భార్యకి ఫొటో తీయడం నేర్పుతున్నాననీ, రీలులో నాలుగు మిగిలితే తీసుకోమని కెమెరా ఇచ్చాననీ చెప్పాడు. పత్రికవాడు గేటు దగ్గర ఎవరైనా తీశారా అని అడుగుతుంటే ఆమె సంబరపడిపోయి రీలు తీసి ఇచ్చేసింది. తొలి ఫొటో పత్రికలో పడుతుందంటే ఎవరికి సంబరం కాదు.

"ఫోకస్ నేర్పాను. ముఖాలు చీకటి చేయాలని నేర్పలేదు. ఆడవాళ్లు సంఘం గుమ్మం ఎక్కకూడదన్న రోజులు, దానికెవరు చెప్తారు? తప్పు నాది," అన్నాడు. "తన ఉద్యోగం సొంత చెల్లెలి చేత్తోనే పోయిందని మీ మావయ్యకి తెలిస్తే దానికి పుట్టిల్లుండదు. నాకేం, పోతే సంఘం పోయింది."

కత్తెర చప్పుడు ఆగి చాలాసేపయిందని చిట్టికి అప్పుడు తెలిసింది. అమ్మ మధ్య గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చి పత్రిక తొలగించి ఫొటో చూసింది. ఇది ఉందా అంది. ఇది ఉందని నాకెందుకు చెప్పలేదు అంది. అప్పట్లో ఆమె నేనే తీశానని చెప్పేస్తానంటే, చెప్పినా ఎవరూ నమ్మరు, రుజువేదీ అన్నాడట ఆయన. ఇన్నేళ్లూ ఆమె ఆ మాట నమ్మింది.

"ఎక్కడికి?" అన్నాడు నాన్న, ఆమె చెప్పులు వేసుకుంటుంటే.

"మా అన్నయ్య దగ్గరికి. వేరేవాళ్ల నోట వినకముందే."

ఆయన అడ్డం వెళ్లాడు. ఆమె ఆయన్ని తప్పించుకుని వీధిలోకి దిగింది. చిట్టి రెండు ఫొటోలూ పట్టుకుని వెనకాల పరిగెత్తింది. అమ్మ నడక పరుగులా ఉంది. చిట్టికి భయం వేసింది. నాన్న పేరు కడగబోయి అమ్మకున్న ఒక్కగానొక్క అన్నని తీసేస్తున్నానేమో అనిపించింది. వెనక్కి వెళ్లిపోదాం అమ్మా అని కూడా అంది. అమ్మ వినిపించుకోలేదు.

మిల్లు ఉద్యోగం పోయాక మావయ్య కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. వీళ్లు వెళ్లేసరికి ఒక మిషన్ని బోర్లా పడుకోబెట్టి నూనె వేస్తున్నాడు. అమ్మ కూర్చోలేదు.

"అన్నయ్యా, ఆ ఫొటో తీసింది మీ బావ కాదు. నేను."

మావయ్య నూనెడబ్బా పక్కన పెట్టాడు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

చిట్టి చేతిలోంచి గేటు ఫొటో తీసుకుని వెలుతుర్లోకి పట్టుకున్నాడు. అందరూ బాల్కనీలో ఉన్న మేనేజర్ని చూస్తున్నారనీ, తాను మాత్రం కిటికీని చూస్తున్నాననీ చూపించాడు. నిజమే. అన్ని కళ్లూ ఒకవైపు ఉంటే ఆ రెండు కళ్లు సూటిగా కెమెరాలోకి ఉన్నాయి. పొద్దున్న చిట్టి చేతులతోనే తేలిన ముఖం, ఆమె గమనించలేదు. చెల్లెలు కెమెరా పట్టుకోవడం చూసి ముచ్చటేసిందన్నాడు మావయ్య. చొక్కా కాలరు కూడా సర్దుకున్నానన్నాడు.

అమ్మ మిషన్ల మధ్య ఉన్న స్టూలు మీద కూలబడింది. మరి మా ఇంటికి రావడం ఎందుకు మానేశావని అడిగింది.

"ఏ ముఖం పెట్టుకుని రాను? నేను ఒక్క మాటంటే బావ ఆ నిందలోంచి బయటపడతాడు. అంటే నువ్వు మునుగుతావు. పని పోయినవాళ్లు అప్పుడు ఎంత కోపంగా ఉన్నారో నీకు తెలీదు. ఆయన నీకోసం మోస్తున్నాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆయన్ని ఎదురుగా చూడలేక రాలేదు. కోపం ఉండి కాదు."

గుమ్మంలో అలికిడైంది. నాన్న వెనకాలే వచ్చాడు. ఆయాసంతో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అంతా విన్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"నీకు ఆ రోజే తెలుసా బావా?" అన్నాడు.

మావయ్య తల ఊపాడు. చెల్లెలి సంగతి అన్నకి తెలియకూడదని ఒకడు, తనకి తెలుసని బావకి తెలియకూడదని ఇంకొకడు, నాలుగు వీధుల దూరంలో ఉండి జీవితమంతా మాట్లాడుకోకుండా గడిపేశారు. చిట్టికి వాళ్లిద్దర్నీ చూస్తే జాలేసింది. అమ్మకి వేయలేదు.

"బాగుంది. ఇద్దరూ కలిసి నన్ను కాపాడారు. ఒక్కరైనా నన్నడిగారా?" అంది. "వాళ్ల ఉద్యోగాలు పోయింది నా మూలంగా. వెళ్లి కాళ్లు పట్టుకునేదాన్నో, తిట్లు తినేదాన్నో, అది నా పని. ఆ పని కూడా నాకు లేకుండా చేశారు. మళ్లీ కెమెరా ముట్టుకున్నానా నేను? ఎందుకు ముట్టుకోలేదని ఎవరైనా అడిగారా?"

ఆమె లేచి అన్న చేతిలోంచి గేటు ఫొటో, చిట్టి చేతిలోంచి రెండో ఫొటో తీసుకుంది. సమావేశం ఎన్నింటికి అని అడిగింది.

వాళ్లు వెళ్లేసరికి హాల్లో మాస్టారు చరిత్ర చదువుతున్నాడు. సరిగ్గా మచ్చ దగ్గరికి వచ్చాడు. కట్టుబాటు తెలిసీ స్వలాభం కోసం తోటివారి ముఖాలను అమ్ముకున్న ఒక సభ్యుడు అని చదివి, నీళ్లు తాగడానికి ఆగాడు. అమ్మ కుర్చీల మధ్యనుంచి నడిచి వెళ్లి రెండు ఫొటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. చిట్టి ఆమె వెనకే నిలబడి, ఎడం అంచున గీత చూడమంది. రెండింట్లోనూ ఒకే కిటికీ అంది. కింద వీధిలో ఎవరున్నారో చూడమంది.

మాస్టారు భూతద్దం తెప్పించుకున్నాడు. వృత్తి తెలిసినవాడు గనక ఎక్కువసేపు పట్టలేదు. భూతద్దం పట్టుకున్న చేయి మెల్లగా బల్ల మీదికి దిగింది. మరి పైన ఎవరని అడిగాడు, ఎవరో ఒకరు అడగాలి గనక.

"నేను. తప్పని తెలీక తీశాను. తెలిసినవాళ్లెవరూ నాకు చెప్పలేదు," అంది అమ్మ. "ఆ పుస్తకంలో మా ఆయన పేరు కొట్టేసి నాది రాయండి. ఫొటో కింద కూడా నా పేరే వేయండి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు వాళ్లని చేత్తో ఆపాడు. అమ్మని కూర్చోమన్నాడు, ఆమె కూర్చోలేదు. పాపం ఆయనకి ఏం చేయాలో తోచక చేతికి దొరికిన నియమావళినే పట్టుకున్నాడు. సభ్యులు కానివాళ్ల తప్పు మీద సంఘం చర్య తీసుకోలేదమ్మా అన్నాడు. మీ మీద తీర్మానం చేయడానికి మాకు అధికారం లేదన్నాడు.

"అయితే ముందు నన్ను చేర్చుకోండి," అంది అమ్మ. "తర్వాత వెలేద్దురుగాని."

నవ్వొచ్చే మాటే. ఒక్కరూ నవ్వలేదు. మాస్టారు ఆమెనీ, ఫొటోలో చంటిపిల్లతో ఉన్న కుర్రవాణ్ణీ మార్చి మార్చి చూశాడు. వాడెక్కడున్నాడని చిట్టిని అడిగాడు. బయట మెట్ల మీద మావయ్యతో కూర్చున్నాడనీ, తనకి లోపలికొచ్చే హక్కు లేదన్నాడనీ చిట్టి చెప్పింది.

ఆయన లేచి, చదువుతున్న కాగితం చేతిలోనే పట్టుకుని బయటికి నడిచాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అందరికీ కనిపిస్తూనే ఉంది. మాస్టారు నాన్న దగ్గరికి వెళ్లి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, ఆ మెట్టు మీదే ఆయన పక్కన కూర్చున్నాడు. కాగితం ఆయన చేతికిచ్చాడు. నాన్న దాన్ని చదవకుండా మడిచి మావయ్యకిచ్చాడు. ముగ్గురూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు.

లోపల బల్ల దగ్గర అమ్మ జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది.